మా అమ్మాయి కాలేజీ సాకర్ (ఫుట్‌బాల్) కోచ్ అవుతానంటోంది. ఆ దారి ఎలా ఉంటుంది?

మోరిస్‌విల్ అమ్మ:

అందరికీ నమస్కారం. మేం నార్త్ కరోలినాలో మోరిస్‌విల్‌లో ఉంటాం. మా పెద్దమ్మాయి పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీలో మూడో సంవత్సరం చదువుతోంది, అక్కడి డివిజన్ 3 (ఇక్కడి కాలేజీ ఆటల మూడు స్థాయిల్లో మూడోది) సాకర్ టీమ్‌లో లెఫ్ట్ బ్యాక్. పోయిన సెప్టెంబరులో ఆటలోనే మోకాలు తిరిగి లోపలి ఏసీఎల్ అనే లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయింది, సీజన్ పోయింది. ఇక ఆట మానేసి చదువు మీద దృష్టి పెడుతుందనుకున్నాం.

జరిగింది వేరు. వాళ్ల హెడ్ కోచ్ ఆవిడ దీని చేతికి ఒక నోట్‌బుక్ ఇచ్చి, "బెంచీ మీద ఊరికే కూర్చోవద్దు, మన వాళ్లు బంతి ఎక్కడెక్కడ పోగొట్టుకుంటున్నారో రాయి" అన్నారట. నవంబరు వచ్చేసరికి నాలుగు నోట్‌బుక్‌లు నిండాయి. థాంక్స్‌గివింగ్‌కి ఇంటికొచ్చినప్పుడు నా పోపుల పెట్టెలో గిన్నెలన్నీ తీసి డైనింగ్ టేబుల్ మీద పేర్చి వాళ్ల చెల్లికి మ్యాచ్ చెబుతోంది. ఆవాల గిన్నె సెంటర్ బ్యాక్, జీలకర్ర గోల్ కీపర్. "చూడు, ఆవాలు ఇక్కడిదాకా వస్తే ఈ వెనక ఎంత ఖాళీ పడిందో!" అని మెంతుల గిన్నె పరిగెత్తిస్తోంది. అంత వెలుగు దాని మొహంలో ఆపరేషన్ తర్వాత నేను చూడలేదు.

ఆ రాత్రే చెప్పింది. ఎకనామిక్స్ డిగ్రీ అవగానే ఎక్కడైనా గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే మాస్టర్స్ చదువుతూనే టీమ్‌లో పనిచేసేలా చేరి, కోచింగ్‌లోకి వెళ్తుందట. ఎప్పటికైనా ఒక కాలేజీ ఆడపిల్లల టీమ్‌కి హెడ్ కోచ్ కావాలట. మావారు ఏమీ అనలేదు. ఆయనకి కోపం వస్తే మాట ఆగిపోతుంది, అంతే. మూడు వారాలుగా ఇంట్లో ఆ విషయం ఎత్తడం లేదు.

నాకు తెలిసిన వాళ్లలో ఈ ఉద్యోగం చేసేవాళ్లు ఒక్కరూ లేరు. దీంతో బతుకు గడుస్తుందా? ఎన్నేళ్లు పడుతుంది? పేరున్న కోచ్‌లంతా మగవాళ్లే కనిపిస్తున్నారు, ఆడపిల్లకి అక్కడిదాకా వెళ్లే దారి ఉందా? తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

డర్హమ్ ప్రేక్షకుడు:

అమ్మా, మీరు అడిగిన చరిత్రలో సగం మీ ఇంటికి అరగంట దూరంలోనే జరిగింది. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నేను 1999 నుంచి డర్హమ్‌లో ఉంటున్నాను. మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు మొదటిసారి చాపెల్ హిల్‌లో పాత ఫెట్జర్ ఫీల్డ్‌కి తీసుకెళ్లాను. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా ఆడపిల్లల మ్యాచ్. లేత నీలం జెర్సీల్లో ఆ పిల్లలు బంతి పోగానే వెనక్కి రాకుండా ముందుకే ఉరికి, లాక్కునేదాకా వదలకపోవడం చూసి మా అమ్మాయి కంచె పట్టుకుని కదల్లేదు. ఆ రోజు నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఆ టీమ్‌నీ, వాళ్ల కోచ్ ఆన్సన్ డోరెన్స్‌నీ చూస్తూ వచ్చాను.

ఆయన పుట్టింది మన బొంబాయిలో, 1951లో. తండ్రి చమురు కంపెనీ ఉద్యోగి కావడంతో బాల్యమంతా దేశాలు తిరగడంతోనే సరిపోయింది. నార్త్ కరోలినాలోనే చదివి, అక్కడే ఆడి, తర్వాత లా కాలేజీలో చేరారు. 1977లో యూనివర్సిటీ మగపిల్లల టీమ్‌కి కోచ్‌గా రమ్మంటే వెళ్లారు. లా డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. రెండేళ్ల తర్వాత, ఆడపిల్లల క్లబ్ టీమ్ ఒకటి తమను యూనివర్సిటీ టీమ్‌గా గుర్తించమని అడిగింది. 1972లో టైటిల్ 9 చట్టం వచ్చాక ఆడపిల్లలకూ ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాల్సిన బాధ్యత కాలేజీల మీద పడింది కదా. యూనివర్సిటీ వాళ్లు ఆ పిల్లల ఆట చూసి రమ్మని ఈయన్నే పంపారు. అలా 1979లో ఆ టీమ్ కూడా ఈయన చేతికొచ్చింది. దాదాపు పదేళ్లు రెండు టీమ్‌లూ ఒక్కరే నడిపారు.

మీవారికి ఇది చెప్పండి: ఆయన చేరిన నాటికి ఈ ఉద్యోగం అనేదే సరిగ్గా లేదు. ఆడపిల్లల సాకర్‌కి ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలు నడిపే జాతీయ సంఘం) టోర్నమెంట్ మొదలైందే 1982లో. మొదటి ఏడాది 12 టీమ్‌లు. గెలిచింది వీళ్లే. 2012 వరకూ మొత్తం 21 ఎన్‌సీఏఏ టైటిళ్లు, అంతకుముందు 1981లో వేరే సంఘం నడిపిన పోటీలో ఒకటి. 1986 నుంచి 1994 దాకా వరసగా తొమ్మిదేళ్లు వాళ్లే. 1992 ఫైనల్లో డ్యూక్ యూనివర్సిటీ మీద 9-1. అమెరికా జాతీయ జట్టుకు కూడా 1986 నుంచి 1994 దాకా ఆయనే కోచ్, కాలేజీ పని చూసుకుంటూనే. 1991లో చైనాలో జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో నార్వేను 2-1తో గెలిచారు, రెండు గోల్సూ మిషెల్ ఏకర్స్‌వే. అప్పట్లో ఆడవాళ్ల మ్యాచ్ 90 నిమిషాలు కాదమ్మా, 80 నిమిషాలే పెట్టారు.

కానీ కప్పుల లెక్క కంటే నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. 1983లో ఏప్రిల్ హైన్రిక్స్ అనే అమ్మాయి ఆ టీమ్‌లో చేరింది. ప్రాక్టీసులో కూడా ఓడటం ఒప్పుకునేది కాదు, తోటి పిల్లల్ని నలిపేసేది. వాళ్లు వెళ్లి కోచ్ దగ్గర మొర పెట్టుకున్నారు. ఆయన ఆమెను తగ్గమని చెప్పలేదు. మిగతావాళ్లు ఆమె దగ్గరికి ఎదగాలి అనుకున్నారు. అదే యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ ప్రాక్టీసులో ప్రతిదీ లెక్క రాయించడం చూసి, ఈయన సాకర్‌లోకి తెచ్చారు. ఒకరితో ఒకరు తలపడే వన్ వర్సెస్ వన్ ఎన్ని గెలిచావు, హెడర్ ఎన్ని గెలిచావు, షూటింగ్‌లో నీ స్థానం ఎంత, అన్నీ రాసి బోర్డు మీద అంటించేవారు. ఎవరు ఎక్కడున్నారో గోడ చూస్తే తెలుస్తుంది. మీ అమ్మాయి నోట్‌బుక్ అన్నారే, ఆ కోచ్ ఆవిడకి పని తెలుసమ్మా.

లెక్క ఒక వైపు. మనిషి రెండో వైపు. ఒక చలికాలం ఉదయం ఆయన కారులో వెళ్తూ ఖాళీ మైదానంలో ఒక్కతే పరుగులు తీస్తున్న అమ్మాయిని చూశారు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న క్రీడాకారిణి మియా హామ్. ఆగి పలకరించలేదు. ఆఫీసుకెళ్లి ఒక చీటీ రాసి ఆమెకు పంపారు: ఎవరూ చూడనప్పుడు చెమటలో తడిసి, ఒళ్లు అలిసి, వంగి ఊపిరి తీసుకుంటున్న మనిషే ఛాంపియన్ అని దాని సారాంశం. ఎవరు ఎవరిని ఎప్పుడు గమనిస్తున్నారన్నదే ఈ ఉద్యోగంలో అసలు పని అని నాకనిపిస్తుంది.

2024 ఆగస్టులో, సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు ఆయన రిటైరయ్యారు. ఆయన అసిస్టెంట్ డేమన్ నహాస్‌ని తాత్కాలిక కోచ్‌గా పెట్టారు. అదే డిసెంబరులో మీ పక్కనే క్యారీలో ఫైనల్. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ మీద 1-0తో గెలిచారు. నేనూ వెళ్లాను, చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. 45 ఏళ్లు ఒకరు కట్టింది ఆయన లేకుండా నిలబడుతుందా అన్న టెన్షన్‌తో చివరి పది నిమిషాలు కూర్చోలేకపోయాను.

మూడో అసిస్టెంట్:

ఆంటీ, నేను ఈ ఉద్యోగంలో ఉన్నాను. అమ్మానాన్నలది ఒంగోలు, నేను పెరిగింది టెక్సస్‌లో. డివిజన్ 2లో ఆడాను, ఇప్పుడు ఒహాయోలో ఒక చిన్న కాలేజీలో అసిస్టెంట్ కోచ్‌ని. ఇది నా మూడో ఉద్యోగం, వయసు 31. అంకుల్ చెప్పింది పైమెట్టు సంగతి. నేను కింది మెట్ల నుంచి చెబుతాను.

మొదట డబ్బు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఉన్న రెండేళ్లు నాకు నెలకు 1,100 డాలర్లు, ట్యూషన్ ఫీజు మాఫీ, హాస్టల్‌లో ఒక గది ఇచ్చారు. మాస్టర్స్ అప్పు లేకుండా అయిపోయింది, అది చిన్న విషయం కాదు. తర్వాత వచ్చిన అసిస్టెంట్ ఉద్యోగంలో ఏడాదికి 31,000. దాంతో పాటు జిమ్ తాళాలు, పోటీ రోజు టికెట్ కౌంటరు కూడా నాకే. రెండో ఏడాది మా హెడ్ కోచ్ వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినవారు తన మనుషుల్ని తెచ్చుకున్నారు, నేను సామాను సర్దుకున్నాను. ఈ వృత్తిలో ఇది మామూలే, మీ అమ్మాయికి ముందే తెలిసి ఉండాలి. మీ కారులో పట్టేంత సామానుతోనే కొన్నేళ్లు బతకాలి.

ఇప్పుడు పని. అక్టోబరులో ఒక శనివారం తీసుకోండి. పొద్దున ఐదున్నరకి లేచి, రాత్రి వాషింగ్ మెషీన్‌లో వేసిన బిబ్స్ (ప్రాక్టీసులో జట్లు విడదీయడానికి వేసుకునే పైచొక్కాలు) డ్రయర్‌లోకి మారుస్తాను. అవి ఆరేలోగా ఎదుటి టీమ్ కార్నర్ కిక్కుల వీడియో ఎనిమిది నిమిషాలకి కత్తిరిస్తాను. పది దాటితే పిల్లలు చూడరు. బస్సులో రెండున్నర గంటలు. మ్యాచ్. మళ్లీ బస్సు. అప్పుడు మొదలవుతుంది నా అసలు పని. మా టీమ్‌లో 28 మంది. పదకొండు మంది మొదలుపెడతారు, ఇంకో ఐదారుగురు దిగుతారు. మిగిలినవాళ్లు బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చుంటారు. ఒక్కొక్కరి పక్క సీట్లోకి వెళ్లి కూర్చోవాలి.

పోయినేడు ఒకమ్మాయి ఆరు మ్యాచ్‌లు వరసగా ఒక్క నిమిషం ఆడలేదు. ఒక రాత్రి సామాన్ల గదిలో లైటు వెలుగుతుంటే వెళ్లి చూశాను. బంతుల సంచి మీద కూర్చుని బూట్లకి అంటిన మట్టి తాళంచెవితో గీకుతోంది. శుభ్రంగానే ఉన్నాయి అవి. నేను కూడా కింద కూర్చున్నాను. ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తను అడిగింది, "నేను దేంట్లో వెనకబడ్డానో నిజం చెప్పండి." చెప్పాను: ఎడమ కాలితో మొదటి టచ్ దూరం పోతోంది, వెనక్కి తిరిగి చూడకుండానే బంతి అందుకుంటున్నావు. మర్నాటి నుంచి ప్రాక్టీసుకి ముందు పావుగంట గోడకి కొట్టి ఆడాం, ఇద్దరం. నవంబరులో పన్నెండు నిమిషాలు ఆడింది. ఆ పన్నెండు నిమిషాలు నేను ఊపిరి బిగబట్టి చూశాను ఆంటీ. నా సొంత ఆటలో కూడా అంత కంగారు పడలేదు.

రిక్రూటింగ్, అంటే టీమ్‌కి కొత్త పిల్లల్ని వెతకడం: వేసవంతా మడత కుర్చీ, టోపీ, ఎండ. క్లబ్ టోర్నమెంట్లలో రోజుకి ఏడెనిమిది మ్యాచ్‌లు చూడాలి. డివిజన్ 1 వాళ్లకైతే పిల్ల పదో తరగతి పూర్తిచేశాక జూన్ 15 దాకా నేరుగా మాట్లాడకూడదన్న నియమం ఉంది. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్పే లేదు. కాబట్టి "మీ అమ్మాయికి ఇక్కడ చదువెలా ఉంటుంది, ఖర్చెంత అవుతుంది" అని తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాల్సింది మేమే. సీజన్ ఆగస్టు నుంచి నవంబరు, డిసెంబరు దాకా. ఆ నాలుగు నెలల్లో పెళ్లిళ్లు, పేరంటాలు, దసరా, దీపావళి అన్నీ ఫోన్లోనే.

ఆడవాళ్ల సంగతి అడిగారు. టైటిల్ 9కి ముందు ఆడపిల్లల టీమ్‌లకు నూటికి తొంభై మంది కోచ్‌లు ఆడవాళ్లే. చట్టం వచ్చి జీతాలు పెరిగాక మగవాళ్లు వచ్చారు, ఇప్పుడు సగం కూడా ఆడవాళ్లు లేరు. ఇది నన్ను ప్రతిరోజూ బాధపెట్టే విషయం. ఒక కాలేజీలో ఇంటర్వ్యూకి వెళ్తే, పెళ్లి ఎప్పుడు చేసుకుంటావని అడిగారు. పక్క గదిలో కూర్చున్న అబ్బాయిని అడిగి ఉండరు.

అయినా దారి ఉంది. అంకుల్ చెప్పిన ఏప్రిల్ హైన్రిక్స్‌నే చూడండి. 1991లో ప్రపంచ కప్ గెలిచిన జట్టుకి కెప్టెన్. తర్వాత మేరీలాండ్, వర్జీనియా యూనివర్సిటీలకు హెడ్ కోచ్. ఆ తర్వాత జాతీయ జట్టు కోచ్‌గా 2004లో ఒలింపిక్ స్వర్ణం. ఫ్లోరిడాలో బెకీ బర్లీ 1995లో టీమ్‌ని సున్నా నుంచి మొదలుపెట్టి, నాలుగో సీజన్లో, 1998లో, ఫైనల్లో నార్త్ కరోలినానే 1-0తో ఓడించారు. 2021 దాకా అక్కడే ఉన్నారు. ఇక 2022 ఫైనల్, అదీ మీ క్యారీలోనే. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీకి మార్గరీట్ అవొజాసా హెడ్ కోచ్‌గా మొదటి ఏడాది. 2-0తో వెనకబడి, ఆఖరి పదహారు సెకన్లు మిగిలుండగా సమం చేసి, ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో గెలిచారు. ఎదుటి బెంచీలో డోరెన్స్. ఆ మ్యాచ్ నేను మోటెల్ గదిలో ఫోన్లో చూశాను. సమం చేసిన గోల్‌కి అరిచిన అరుపుకి పక్క గదివాళ్లు తలుపు కొట్టారు.

ఒక మాట మాత్రం దాచకూడదు. డోరెన్స్ మీద 1998లో ఇద్దరు మాజీ క్రీడాకారిణులు కోర్టుకెళ్లారు. పిల్లల సొంత జీవితాల గురించి టీమ్‌లో నడిచిన మాటల మీద ఆ కేసు. వేధింపులు కావనే ఆయన వాదించారు. 2008లో వాళ్లలో ఒకరితో రాజీ కుదిరినప్పుడు, అలాంటి సంభాషణల్లో తాను పాలుపంచుకోవడం తగదని ఒప్పుకుని క్షమాపణ లేఖ రాశారు. పద్దెనిమిదేళ్ల పిల్లలకి దగ్గరగా ఉండటం ఎంత అవసరమో, ఎక్కడ ఆగాలో తెలియడం అంత అవసరం. నేను పిల్లలతో మాట్లాడేటప్పుడు గది తలుపు ఎప్పుడూ తీసే ఉంచుతాను.

మీ అమ్మాయి ఇప్పుడే చేయగలిగింది: అమెరికా సాకర్ ఫెడరేషన్ గ్రాస్‌రూట్స్ (మొదటి మెట్టు) కోర్సులు చేసి, కోచింగ్ డి లైసెన్సుకి సిద్ధం కావడం. వేసవిలో ఎక్కడైనా క్లబ్‌లో పదేళ్ల పిల్లలకి నేర్పడం. పదేళ్ల పిల్లలు పోపుల పెట్టె పాఠం వినరు, వాళ్లకి బంతి కావాలి. వాళ్లతో నెగ్గుకొస్తే కాలేజీ పిల్లలతో మాట్లాడటం వచ్చేస్తుంది.

అనంతపురం పీఈటీ:

నమస్తే అమ్మా. ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మాకు ఇక్కడ కాలేజీ హెడ్ కోచ్ అనే ఉద్యోగమే దాదాపు లేదు. ఫిజికల్ డైరెక్టర్ ఒక్కరే అన్ని ఆటలూ చూడాలి. అనంతపురంలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే చూస్తుంటాను. మా బడి పిల్లలు ఇద్దరు అక్కడే నేర్చుకున్నారు. ఒకమ్మాయి డిగ్రీ అయ్యాక "సార్, నేను కోచ్ అవుతా" అంటే, మన జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే డి లైసెన్సు గురించి చెప్పి పంపాను కానీ, ఆ తర్వాత ఏ ఉద్యోగంలో చేరమనాలో నాకు తెలియలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో అన్ని ఆటలూ చెబుతోంది. మీ అమ్మాయి ముందు ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు ఉంది. కష్టమైనా అవి మెట్లే. సెలవులకి ఇటు వస్తే ఒక వారం మా పిల్లలతో ఆడించమనండి. వసతి నేను చూస్తాను.

మోరిస్‌విల్ అమ్మ:

అన్నయ్యగారూ, తల్లీ, మాస్టారూ, మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. మొత్తం మావారికి చదివి వినిపించాను. సామాన్ల గది దగ్గరికొచ్చేసరికి నా గొంతు పూడుకుపోతే ఆయనే ఫోన్ తీసుకుని మిగతాది చదివారు. చదివాక ఒక్కటే అడిగారు: "హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటుందా? మోకాలు ఆపరేషన్ అయిన పిల్ల." మూడు వారాల్లో ఈ విషయం మీద ఆయన అన్న మొదటి మాట ఇది. తల్లీ, దీనికి జవాబు చెప్పు. ఇంకో సంగతి, మా అమ్మాయి నీతో ఒకసారి మాట్లాడొచ్చా?

మూడో అసిస్టెంట్:

ఆంటీ, 26 ఏళ్లు వచ్చేదాకా మీ ఇన్సూరెన్స్ ప్లాన్‌లోనే ఉండొచ్చని అంకుల్‌కి చెప్పండి. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ రెండేళ్లూ అందులోనే గడిచిపోతాయి. తర్వాత ఫుల్ టైమ్ అసిస్టెంట్ అయితే కాలేజీవాళ్లే ఇస్తారు, నాకు ఇస్తున్నారు. పార్ట్ టైమ్ ఉద్యోగం ఎవరైనా ఇస్తామంటే మాత్రం మొదట అడగాల్సింది ఇదే, జీతం తర్వాత.

తప్పకుండా మాట్లాడతాను. ఇక్కడే మెసేజ్ పెట్టమనండి, నంబరు ఇస్తాను. ఆదివారం సాయంత్రం ఏడు తర్వాత ఖాళీ. మాట్లాడే ముందు ఆ నాలుగు నోట్‌బుక్‌లలో తనకు బాగా నచ్చిన ఒక పేజీ, తప్పు రాశాననిపించిన ఒక పేజీ ఫొటో తీసి పంపమనండి. ఆ రెండో పేజీ దగ్గర మొదలుపెడదాం.